ఎడమచేతి గాలాలు

"ఈసారి నా తొట్లు నీ బల్ల మీదికి రావు, ఎడెల్మిరా."

నోల్‌బెర్తో ఈ మాట అన్నప్పుడు ఎడెల్మిరా ఎడమచేతిలో కత్తి, కుడిచేతి కింద సగం కోసిన స్క్విడ్ ఉన్నాయి. ఆమె కత్తి ఆపలేదు. ముక్క పూర్తిగా తెగాకే తలెత్తింది.

"ఏమన్నారు?"

"విన్నావుగా. రేపు పొద్దున్నే వేట తెరుస్తున్నారు. ఐదంటే ఐదే రోజులు. మళ్ళీ ఏడాది దాకా గాలిపటం చేపని ముట్టుకోవడానికి లేదు. నాకు చకచకా పని కావాలి. నయరెత్ గంటలోపు ఒక తొట్టి కడుతుంది. నీకు గంటన్నర."

"ఇరవై ఏళ్ళుగా గంటన్నరే."

"ఇంకోటి కూడా ఉంది." నోల్‌బెర్తో వేలు పైకెత్తి గాలిలో కుడివైపుగా సున్నా చుట్టాడు. "లోకమంతా తాడు ఇలా చుడుతుంది. నువ్వు మాత్రం అలా చుడతావు. పోయినేడు మా బావమరిది అరచేతిలో గాలం దిగింది నీ తొట్టి వదులుతున్నప్పుడే. ఎడమచేతి పని సముద్రానికి పడదు."

అంటూనే వంగి, ఆమె బల్ల కింద ఉన్న, ఎర గాలాల తాడు చుట్టిపెట్టే ఖాళీ తొట్లు ఒక్కొక్కటే లాగి పక్కబల్ల కిందికి తోశాడు. మొత్తం ఎనిమిది. పక్కబల్ల దగ్గర నయరెత్ తల దించుకుని గాలాలు తుడుస్తూ ఉండిపోయింది. పాతికేళ్ళు కూడా లేని పిల్ల. వద్దనే ధైర్యం దానికెక్కడిది?

పొయ్యి దగ్గరనుంచి ఓర్తెన్సియా గొంతు లేచింది. ఆడవాళ్ళు గాలాలకి ఎర కట్టే ఆ షెడ్డుకి ఆమే పెద్ద. నోల్‌బెర్తోకి స్వయానా అక్క.

"ఒరేయ్, మన నాన్నది ఎడమచెయ్యే. ఆ చేత్తో నీ వీపు పగలగొట్టినప్పుడు బాగానే పడింది కదరా!"

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. నోల్‌బెర్తో నవ్వలేదు. టోపీ సర్దుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

ఎడెల్మిరాకీ నవ్వు రాలేదు. షెడ్డులో ఉన్నవి ఎనిమిది బల్లలు. వేట ముగిసిన సాయంత్రం లాంచీ నడిపే ప్రతి సారంగూ వచ్చే ఏటికి తన బల్ల ఏదో చెప్పాలి. ఎవరూ కోరని బల్ల పట్టికలో తర్వాతి పేరుకి పోతుంది. తొమ్మిది పేర్లు కాచుక్కూర్చున్నాయి. ఒకసారి లేచిన మనిషి ఆ షెడ్డులో మళ్ళీ కూర్చున్న దాఖలా లేదు. మిగతా సారంగులకి ఎవరి బల్లలు వాళ్ళకున్నాయి. ఆమెకున్నది నోల్‌బెర్తో ఒక్కడే.

మధ్యాహ్నం మూడయింది. తలుపులో బురద బూట్ల మనిషి నిలబడ్డాడు.

"అమ్మా, ఎర కట్టడానికి ఎవరైనా ఖాళీగా ఉన్నారా?"

అబ్దోన్. లోపలి ఊళ్ళో ఆలుగడ్డలు పండించుకునే రైతు. మామగారు పోతూ పోతూ 'గవియోతా' అనే లాంచీని అల్లుడికి అంటగట్టి పోయాడు. అబ్దోన్ సారంగు చీటీ తెచ్చుకుని రెండు నెలలైంది. రేవులో అతన్ని చూస్తే చాలు, ఎవడో ఒకడు పెద్దమనిషిని పిలిచినట్టు "ఏం దోన్, సముద్రానికి ఎరువు వేశావా?" అని అడుగుతాడు.

ఓర్తెన్సియా గరిటెతో ఎడెల్మిరా వైపు చూపించింది. "ఆవిడ ఖాళీ. కానీ ఎడమచెయ్యి."

"అయితే ఏం? మా ఎద్దుల్లో ఒకటి ఎడమవైపే లాగుతుంది. నాగలి ఆగిందా?" అన్నాడు అబ్దోన్. ఆమె బల్ల ముందుకొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఐదు తొట్లున్నాయి. మా ఆవిడ ఒక్క వేటకే ఒప్పుకుంది. ఖాళీగా వస్తే లాంచీ అమ్మేసి పొలానికి రమ్మంది. నాకు ఈ పని రాదు. మీరు ఎలా చెబితే అలా."

ఎడెల్మిరా అతని ముఖంలోకి చూసింది. వెటకారం లేదు.

"తొట్లు తీసుకురా బాబూ. నా కుడిపక్కన పెట్టు. ఎడమపక్కన కాదు."

అయిదు తొట్లు. తొట్టికి మూడు వందల గాలాలు. ఆమె మొదలుపెట్టింది.

స్క్విడ్ ముక్కని వేలంత పొడవు కోస్తుంది. ఒక చివర గాలం గుచ్చి, తిప్పి, చర్మం వైపునుంచి రెండోసారి కుట్టి, ముల్లు కొసని కండలో దాచేస్తుంది. దాని మీద కవళ్ళ చేప ముక్క ఒకటి. గాలాన్ని తొట్టి అంచున వరసలో పెట్టి, తాడుని లోపల ఎడమవైపుగా చుట్టుకుంటూ పోతుంది. గుచ్చు, తిప్పు, కుట్టు, దాచు, చుట్టు. పక్కబల్ల మీద నయరెత్ ఒక్కసారే గుచ్చి వదిలేస్తోంది. ఎడెల్మిరా మూడు కట్టేసరికి నయరెత్ ఐదు కడుతోంది.

అబ్దోన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "రెండుసార్లు ఎందుకమ్మా?"

"గాలిపటానికి నోరెక్కడుంటుంది?"

"పొట్ట కింద."

"మరి ఎరని చూడగలదా? చాపలా పరుచుకున్న చేప, కళ్ళు పైన, నోరు కింద. అక్కడ రెండు వందల బారల లోతు, చీకటి. అది వాసన పట్టుకుని బురద మీద నిదానంగా వస్తుంది. వచ్చి, ఎర మీద దుప్పటిలా పడుకుంటుంది. ఆ తర్వాతే తినడం. దానికేం తొందర లేదు. తొందరంతా మనకే. అది వచ్చేదాకా ఎర గాలాన్ని పట్టుకుని ఉండాలి. కింద ప్రవాహం ఉంది, ఎర కొరికే పురుగు ఉంది. ఒక్క కుట్టయితే అరపూటలో ఊడిపోతుంది."

"ఇది దోన్ నోల్‌బెర్తోకి తెలీదా?"

"ఆయన ఎప్పుడూ అడగలేదు."

చివరి తొట్టి అయ్యేసరికి రాత్రి పదిన్నర దాటింది. ఎడెల్మిరా పొయ్యిలోంచి బొగ్గు తీసి, ప్రతి తొట్టి మీదా ఒక బాణం గీసింది.

"ఇది గుర్తుపెట్టుకో. తాడు వదిలేటప్పుడు తొట్టి నీకు కుడిపక్కన ఉండాలి. అందరిలా ఎడమపక్కన నిలబెట్టుకున్నావో, గాలాలు నీ మీదికే ఎగురుతాయి. పోయినేడు వాళ్ళ బావమరిదికి పదిసార్లు చెప్పాను. వింటేనా!"

సోమవారం తెల్లవారగానే పద్నాలుగు లాంచీలు రేవు దాటాయి. ఆఖరిది గవియోతా. వెళుతూ వెళుతూ అడ్డంగా తిరిగి, దారి గుర్తుకి నీళ్ళలో తేలే బోయాని గుద్దుకుంది. ఒడ్డున ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మంగళవారం షెడ్డంతా పొయ్యి చుట్టూ చేరింది. పొయ్యి పక్కన రేడియో. సారంగులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాటలన్నీ అందులో వినిపిస్తాయి. ఆ మాటలకి అర్థం చెప్పేది ఓర్తెన్సియా.

ఎందుకంటే ఆ రేవులో రేడియోలో నిజం చెప్పిన సారంగు ఇంతవరకూ పుట్టలేదు. నిజం చెబితే పక్కవాడు వచ్చి పక్కనే తాడు వేస్తాడు. అందుకని చేపలు విరగబడుతుంటే "రాళ్ళే వస్తున్నాయి" అంటారు. మధ్యరకంగా ఉంటే "జలుబు చేసింది" అంటారు. "అబ్బో, బ్రహ్మాండం" అన్నారంటే గాలాలకి నాచు తప్ప ఏమీ లేదని, పక్కవాణ్ణి కూడా ఆ ఎడారిలోకి లాగాలని చూస్తున్నారని. ఇళ్ళలో ఆడవాళ్ళు ఈ లెక్క ప్రకారమే పొయ్యి మీద పెద్ద కుండో చిన్న కుండో పెడతారు.

పది గంటలకి రేడియో గరగరలాడింది. నోల్‌బెర్తో గొంతు.

"రాళ్ళు. ఉత్త రాళ్ళు. ఒట్టి గాలాలు వస్తున్నాయి, తల్లి మీద ఒట్టు."

షెడ్డు గొల్లుమంది. "తల్లి మీద ఒట్టు కూడా పెట్టాడు!" ఓర్తెన్సియా తొడ చరిచింది. "అమ్మ పైనుంచి వింటోంది రా, వెధవా! అమ్మాయిలూ, పెద్ద కుండ ఎక్కించండి. నయరెత్, నీ నోరు తీపి చెయ్యాలే పిల్లా."

నయరెత్ సిగ్గుపడింది. ఎడెల్మిరా తన గిన్నెలోని మాతే కషాయం చివరిదాకా పీల్చి, గిన్నె దానికే అందించింది. "బాగా కట్టావు తల్లీ," అంది. మనసులో ముల్లు గుచ్చుకున్నా ఆ మాట నిజంగానే అంది.

అప్పుడు కొత్త గొంతు వచ్చింది. చేత్తో మైకుని మరీ నోటికి దగ్గరగా పట్టుకున్నట్టు హోరు.

"అందరికీ నమస్కారం. నేను అబ్దోన్ని. గవియోతా నుంచి. దేవుడి దయ, బ్రహ్మాండంగా పడుతున్నాయి! ఎడెల్మిరా గారు కట్టిన మొదటి తొట్టికే ఎనభై. ఒక్కొక్కటి తలుపంత ఉంది. మేమున్నది తెల్లకొండకి ఎదురుగా, నూట తొంభై బారల దగ్గర. చోటు బోలెడుంది. ఎవరైనా రండి."

ఒక్కరు కూడా ఎడెల్మిరా వైపు చూడలేదు.

ఓర్తెన్సియా రేడియో గొంతు తగ్గించింది. "బ్రహ్మాండం అన్నాడు," అంది మెల్లగా. "ఎనభై అన్నాడు. ఎక్కడున్నాడో కూడా చెప్పాడు. పాపం, నీళ్ళు తప్ప ఏమీ లేవన్నమాట."

"దేవుడి పేరు కూడా తెచ్చాడు," అంది ఇంకో ఆవిడ. "అంటే పూర్తిగా మునిగాడు."

రేడియోలో నోల్‌బెర్తో మళ్ళీ పలికాడు. "సంతోషం అబ్దోన్. ఆలుగడ్డలు పెద్దవే పడ్డట్టున్నాయి. ఒరేయ్ అందరూ విన్నారుగా, తెల్లకొండ వైపు చూడకండి." వెనకాల ఎవరో నవ్వుతున్నారు.

ఎడెల్మిరా లేచి తన బల్ల దగ్గరికి వెళ్ళింది. కత్తి కడిగింది. తుడిచింది. ముళ్ళు గుచ్చుకోకుండా వేలికి వేసుకునే తోలు తొడుగు విప్పి, కత్తి పక్కన పెట్టింది. ఒక పాత గాలం తీసుకుని స్క్విడ్ ముక్క గుచ్చి, తిప్పి, కుట్టింది. రెండు చేతులతో లాగింది. ఊడలేదు. ఇంకా గట్టిగా లాగింది. ఊడలేదు. మరి ఎందుకు ఖాళీగా వచ్చాయి? ఎడమవైపు చుట్టు వల్లనా? సముద్రానికి నిజంగానే పడదా? ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆమె తన చేతిని అనుమానంగా చూసుకుంది.

"పిన్నీ," నయరెత్ పక్కన నిలబడింది. "నా బల్ల ఇద్దరం పంచుకుందాం. ఓర్తెన్సియా అత్తకి నేను చెబుతాను."

"ఒక బల్లకి ఒక్క మనిషే తల్లీ. అది నేను పెట్టిన రూలే," అని ఎడెల్మిరా నవ్వబోయింది. సగంలో ఆగిపోయింది.

బుధవారం మధ్యాహ్నం లాంచీలు ఒక్కొక్కటే రేవులోకి రావడం మొదలైంది. మొదట వచ్చింది నోల్‌బెర్తో 'రోసా ఎస్తెర్'. దాన్ని చూసి ఒడ్డున ఓర్తెన్సియా నొసలు ముడిపడింది. లాంచీ నీటిమీద బాతులా తేలుతోంది. బరువున్న లాంచీ అలా తేలదు.

నోల్‌బెర్తో మెట్టు మీద కాలు పెట్టాడు. కుడిచేతికి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది.

"ఎన్ని?" అంది అక్క.

"నలభై."

"తొట్టికా?"

"మొత్తం."

"మరి రాళ్ళన్నావుగా!"

"రాళ్ళేనే!" అరిచాడు నోల్‌బెర్తో. "నిజంగా రాళ్ళే! తల్లి మీద ఒట్టు కూడా పెట్టాను! గాలాలు తోమిన గిన్నెల్లా పైకొచ్చాయి. ఎర అన్నది లేదు. ఇక నమ్మించడానికి మనిషి ఏం చెయ్యాలి?"

"మేం పెద్ద కుండ ఎక్కించాం రా," అంది ఓర్తెన్సియా నీరసంగా. "చెయ్యికేమైంది?"

నోల్‌బెర్తో సముద్రం వైపు చూశాడు. "తాడు వదులుతుంటే గాలం దిగింది."

"ఎవరి తొట్టి?"

లాంచీలో ఉన్నవన్నీ కుడివైపుకి చుట్టిన తొట్లే. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరి కళ్ళూ ఒక్కసారి ఎడెల్మిరా మీద వాలి, తిరిగి ఆ గుడ్డకట్టు మీదికి వెళ్ళాయి.

నాలుగు గంటలకి పదమూడు లాంచీలు కట్టేసి ఉన్నాయి. గవియోతా రాలేదు. రేడియోలో పిలిచారు. పలకలేదు. ఐదు నిమిషాలకొకసారి పిలిచారు. గరగర తప్ప ఏమీ లేదు. అబ్దోన్ భార్య రెండు చేతులూ కొంగులో చుట్టుకుని రేవు చివర నిలబడింది. ఎడెల్మిరా వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. ఇప్పుడు బల్ల సంగతి ఆమె తలలో లేదు. ఆ బాణం గుర్తు వానకి చెరిగిపోయిందేమో. అతను తొట్టిని ఎడమపక్కన పెట్టుకున్నాడేమో.

"అదిగో!" ఎవరో అరిచారు.

అఖాతం మలుపులో గవియోతా కనిపించింది. కాని ఏదో తేడాగా ఉంది. ముక్కు కనిపిస్తోంది, పైకప్పు కనిపిస్తోంది, మధ్యలో లాంచీ లేదు. నీళ్ళు అంచుని తాకుతున్నాయి. చిన్న అల వచ్చినా డెక్కు మీదికి పారుతోంది.

"మునిగిపోతోంది!"

అబ్దోన్ భార్య కేకపెట్టింది. అందరికంటే ముందు పరిగెత్తింది నోల్‌బెర్తో. గుడ్డ చుట్టిన చేత్తోనే రోసా ఎస్తెర్ తాడు విప్పాడు. ఇంజను దగ్గు ఆగకముందే లాంచీ కదిలింది. రోసా ఎస్తెర్ గవియోతా పక్కకి చేరింది. ఆగింది. చాలాసేపు ఆగింది.

తర్వాత నోల్‌బెర్తో రెండు చేతులూ పైకెత్తి తలమీద పెట్టుకోవడం కనిపించింది.

తాడు కట్టి మెల్లగా లాక్కొచ్చారు. దగ్గరకొచ్చాక ఒడ్డున అందరికీ కనిపించింది. డెక్కు లేదు. డెక్కంతా గాలిపటాలు. గోధుమరంగు రెక్కలు ఒకదాని మీద ఒకటి, పేర్చిన విస్తళ్ళలా. అద్దంలా మెరిసే పసుపు ముక్కులు. అడుగున గది నిండి, మూత మూసుకోక, దాని మీద కూడా పరిచారు. అబ్దోన్, అతని ఇద్దరు మనుషులూ పైకప్పు మీద కోళ్ళలా కూర్చుని ఉన్నారు.

"పంపు పాడైంది," అన్నాడు అబ్దోన్ మొదటి మాటగా. "తర్వాత రేడియో బ్యాటరీ పోయింది. పొద్దున్నుంచీ బకెట్లతో నీళ్ళు తోడుతున్నాం." అప్పుడు అందరి ముఖాలూ చూసి కోపగించుకున్నాడు. "అయినా రమ్మని పిలిచాను కదా! చోటు కూడా చెప్పాను! మూడు వందల తొంభై పట్టాం. తాడుకి ఇంకా వేలాడుతుంటే చోటు లేక వదిలేశాం. ఒక్కడంటే ఒక్కడు రాలేదేం?"

రేవు రేవంతా పగలబడి నవ్వింది. నవ్వు ఆడవాళ్ళ దగ్గర మొదలై లాంచీల మీదికి పాకింది. ఒక ముసలి సారంగు బోర్లించిన పడవ మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. అబ్దోన్‌కి ఏమీ అర్థం కాలేదు.

"నాయనా," అంది ఓర్తెన్సియా నవ్వు మధ్య ఊపిరి వెతుక్కుంటూ, "నీకు అబద్ధం చెప్పడం ఇంట్లో ఎవరూ నేర్పలేదా?"

"చేపలు పడ్డాయి కాబట్టి పడ్డాయన్నాను!"

"అదే నాయనా నువ్వు చేసిన తప్పు!"

రేవంతా వరసలో నిలబడి చేపలు దింపింది. ఒక్కొక్కటీ పది కిలోలు, పన్నెండు కిలోలు. తోకముళ్ళు గుచ్చుకోకుండా కళ్ళ వెనక పట్టుకుని చేతులు మార్చారు. ఒక చేప ఎడెల్మిరా చేతికొచ్చింది. పెద్ద ఆడచేప. ఆమె దాన్ని వెల్లకిలా తిప్పింది. తెల్లని పొట్ట కింద నోరు, నవ్వుతున్న ముసలమ్మ నోరులా. లోపల గాలం ఇంకా ఉంది. వేలు పెట్టి బయటికి తీసింది. గాలం మీద స్క్విడ్ తోలు, రెండు కుట్లు. ఒకటిన్నర రోజు అడుగున ఉండి కూడా ఊడని కుట్లు.

ఆ గాలాన్ని నయరెత్ అరచేతిలో పెట్టింది. నయరెత్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు నేర్పు పిన్నీ," అంది.

అబ్దోన్ భార్య మొగుణ్ణి ముందు కౌగిలించుకుని, తర్వాత వీపు మీద రెండు గుద్దులు గుద్దింది. ఆ రాత్రి పెద్ద కుండ వృథా కాలేదు.

గురువారం పొద్దున్నే ఎడెల్మిరా షెడ్డుకి వచ్చేసరికి ఆమె బల్లకి కుడిపక్కన గవియోతా తొట్లు ఐదూ పేర్చి ఉన్నాయి. అబ్దోన్ రాత్రే పెట్టి పోయాడు. వేట ముగియడానికి ఇంకా రెండు రోజులుంది. సాయంత్రం పోటుకి లాంచీలు బయల్దేరాలి. ఆమె తోలు తొడుగు వేసుకుని మొదటి ముక్క కోసింది. ఇటుపక్క నయరెత్ నాలుక బయటపెట్టి రెండో కుట్టు కోసం తంటాలు పడుతోంది.

తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

నోల్‌బెర్తో. చంకలో ఒక తొట్టి, ఎడమచేత్తో ఈడుస్తూ ఇంకో మూడు. కుడిచెయ్యి గుడ్డకట్టులో మెడకి వేలాడుతోంది. షెడ్డులో కత్తుల చప్పుడు ఒక్కసారి ఆగింది.

అతను ఎడెల్మిరా బల్ల ఎడమపక్కన తొట్లు దించబోయాడు. ఆగాడు. చూశాడు. చుట్టూ తిరిగి వెళ్ళి కుడిపక్కన దించాడు.

"మిగతా నాలుగూ నయరెత్ కడుతుంది," అన్నాడు. "రెండు కుట్లు వెయ్యమన్నాను. ఈ నాలుగూ..."

"గంటన్నర పడుతుంది దోన్. ఒక్కోదానికి."

"తెలుసు."

"ముందు అబ్దోన్‌వి. తర్వాతే మీవి. పోటుకి అందవు."

"తెలుసు." అతను తడి టోపీ తీసి మోకాలికి కొట్టుకున్నాడు. "ఏం చెయ్యమంటావు?"

ఎడెల్మిరా కత్తి చివరతో ఎదురుగా ఉన్న స్టూలు చూపించింది. "ఎర కోసిపెట్టే మనిషుంటే అందుతాయి."

"నా చెయ్యి చూశావుగా."

"రెండోది ఖాళీగానే ఉందిగా."

ఎవరో దగ్గారు. ఆ దగ్గు నవ్వులోకి దిగింది. నోల్‌బెర్తో షెడ్డంతా ఒకసారి కలయజూశాడు. ఇరవై రెండేళ్ళుగా సారంగు. ఆ షెడ్డులో ఎప్పుడూ కూర్చోలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎడెల్మిరా ఇంకో కత్తి అందించింది. అతను ఎడమచేత్తో పట్టుకున్నాడు. మొదటి ముక్క చేతిలోంచి జారి ఓర్తెన్సియా పొయ్యి దాకా పోయింది.

"ఒరేయ్, చేపల్ని నీళ్ళలో పట్టరా, నా పొయ్యిలో కాదు!"

"ఊరుకోవే అక్కా."

"మణికట్టు వంచకండి," అంది ఎడెల్మిరా. "కత్తిని మీవైపుకి లాక్కోండి. నెమ్మది. అది వచ్చేదాకా ఆగాలి."

రెండో ముక్క వంకరగా వచ్చింది. మూడోది ఇంకా వంకర. నోల్‌బెర్తో నుదుటి మీద చెమట పట్టింది. పదోది కొంచెం ముక్కలా ఉంది. దాన్ని ఆమె తీసుకుని, గుచ్చి, తిప్పి, కుట్టింది. అతను పని ఆపి ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి చూస్తున్నాడు.

"అక్కా," అన్నాడు తల ఎత్తకుండా, "వచ్చే ఏటికి నా లాంచీని ఈ బల్లకే రాసుకో."

ఓర్తెన్సియా పట్టిక కోసం లేవబోయింది. ఎడెల్మిరా ఎడమచెయ్యి పైకెత్తింది.

"ఆగు వదినా. అబ్దోన్ది రాసుకో. ఈయన సంగతి చూద్దాం." వంకర ముక్కలన్నీ ఏరి ఒక పక్కకి తోసి, అతని ముందు కొత్త స్క్విడ్ ఒకటి పడేసింది. "ముందు ఎర కొయ్యడం రానివ్వు."